పూతలపట్టు కత్తుల కూటం

1946 ఎండాకాలంలో సంతోషమ్మ రంగూను నుంచి చిత్తూరుకు తిరిగి వచ్చింది. యుద్ధంలో నర్సుగా పనిచేసి వచ్చిన మనిషి. ట్రంకుపెట్టెనూ పరుపుచుట్టనూ జట్కావాడు మోసుకొచ్చి వసారాలో పెట్టాడు. దుప్పటిలో చుట్టిన పొడుగాటి కట్టను మాత్రం ఆమె ఎవరి చేతికీ ఇవ్వలేదు.

తల్లి అక్కమ్మ మిషను స్కూలు హాస్టల్లో వంట చేసేది. కూతురిని కౌగిలించుకుని కాసేపు ఏడ్చి, కండ్లు తుడుచుకున్నాక ఆ కట్ట వంక చూసింది.

"ఇంత పొడుగు గొడుగు ఎవురికి తెచ్చినావు మే?"

"గొడుగు కాదుమ్మా. కత్తి."

అక్కమ్మ గడప మీద కూర్చుండిపోయింది. "నువ్వు నర్సు పనికి పొయినావా, కొట్లాడేదానికి పొయినావా?"

సంతోషమ్మ నవ్వింది గానీ, ఆ కత్తి తన దగ్గరికి ఎట్లా వచ్చిందో చెప్పడానికి ఆమెకు ఆ సాయంత్రమంతా పట్టింది.

జపాను వాళ్లు లొంగిపోయాక వాళ్ల ఆఫీసర్ల కత్తులన్నీ తెచ్చి గుట్టలుగా పోశారు. రంగూను ఆసుపత్రికి కూడా కొన్ని వచ్చాయి. పనిచేసిన వాళ్లందరూ గుర్తుగా తలా ఒకటి తీసుకోండని కర్నలు దొర చెప్పాడు. కుచ్చులున్నవీ, బంగారు పూత పూసినవీ ముందే పోయాయి. సంతోషమ్మ డ్యూటీ ముగించుకుని వచ్చేసరికి వరండాలో మిగిలింది ఒకటే. ఒర మీద తోలు చినిగి ఉంది, పిడికి చుట్టిన దారం ఊడిపోతోంది. వద్దంటే దొరకు బాగుండదని తీసుకుంది.

ఆమె చూసే వార్డులో జపాను ఖైదీలు ఉండేవాళ్లు. అందులో మొరీటా అని ఒక ముసలి డాక్టరు, కాళ్లు వాచి మంచం మీద ఉన్నాడు. ఇంగ్లీషు కొంచెం వచ్చు. కత్తి తుప్పు పట్టకుండా ఏం చేయాలని సంతోషమ్మ ఆయన్ను మాటవరసకు అడిగింది. ఆయన లేచి కూర్చున్నాడు. అన్నాళ్లలో ఆయన దిండు ఆనుకోకుండా కూర్చోవడం ఆమె చూడలేదు.

కాపలా సిపాయి ఆయన చేతికి కత్తి ఇవ్వనివ్వలేదు. అందుకని ఆయన చెప్తూ ఉంటే ఆమె చేసింది. ముందు ఒక మెత్తటి కాగితం మడిచి పెదవుల మధ్య పెట్టుకోమన్నాడు. ఊపిరిలోని తడి ఇనుము మీద పడకూడదట. తరువాత కత్తి దూసి, కిటికీ వైపు తిప్పి, వెలుతురు దాని వెంబడి జారేటట్లు మెల్లగా వంచమన్నాడు. వేలు మాత్రం తగలనివ్వద్దన్నాడు.

మొదట ఏమీ కనిపించలేదు. కత్తి కత్తిలాగే ఉంది. ఇంకొంచెం వంచింది. అప్పుడు పదునైన వాదర అంచు వెంబడి, మొన దాకా, తెల్లటి గీత ఒకటి అలలు అలలుగా లేచింది. చలికాలం తెల్లవారుజామున చంద్రగిరి కొండ అడుగున మంచు పరుచుకున్నట్లు ఉంది. మళ్లీ కొంచెం కదిలిస్తే మాయమైంది.

ఆ గీత ఎట్లా పుడుతుందో మొరీటా చెప్పాడు. కమ్మరి కత్తికి మట్టి పూస్తాడు. వీపు వైపు మందంగా, వాదర వైపు పలచగా. కొలిమిలో కాల్చి నీళ్లలో ముంచితే వాదర గట్టిపడుతుంది, వీపు మెత్తగా ఉంటుంది. రెండూ కలిసేచోట ఆ గీత పడుతుంది. ఏ కమ్మరి గీత వానిదే. వాకిట్లో ముగ్గు చూసి ఎవరి చెయ్యో చెప్పేయవచ్చు కదా, అట్లాంటిదేనని సంతోషమ్మ అనుకుంది.

తరువాత ఆ డాక్టరును ఓడ ఎక్కించి పంపేశారు. పోయే ముందు, కత్తికి రాసే నూనెలో లవంగ నూనె కొంచెం కలపమనీ, వాడనప్పుడు నగిషీ లేని కొయ్య ఒరలో పెట్టమనీ చెప్పాడు.

చిత్తూరులో సంతోషమ్మ ఒక ఆసుపత్రిలో పనికి చేరింది. కచేరీలో లైసెన్సు తీసుకుంది. లవంగ నూనె కోసం ఆసుపత్రి కాంపౌండరు జయరావు దగ్గరికి పోతే, ఆయన సీసా అందిస్తూ, "మొన్నే గదా తీసుకుండావు సిస్టర్. పండ్లన్నీ ఒకేసారి నొప్పా?" అన్నాడు. ఆమె ఇంటికి పిలిచి కత్తి చూపించింది. జయరావు పెదవుల మధ్య కాగితం పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. అక్కమ్మ కాఫీ తెచ్చింది, కాఫీ చల్లారింది, ఆయన మాత్రం కదల్లేదు. చివరకు కాగితం తీసి, "రేపు పొద్దన్నే మళ్లా వస్తా. ఎండ తూర్పు నుంచి పడాల దీనిమీద" అన్నాడు. తరువాత ఏర్పడిన కత్తుల కూటంలో మొదటి మనిషి ఆయనే.

రెండో మనిషి బస్సులో దొరికాడు. తిరుపతిలో చెక్కబొమ్మలు చేసే వాళ్ల చేత కొయ్య ఒర చేయించుకుందామని సంతోషమ్మ ఒకరోజు కత్తి కట్ట తీసుకుని బస్సెక్కింది. అప్పట్లో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచేవి. పూతలపట్టులో ఆపి, వెనక డ్రమ్ములో బొగ్గు పోసి, పొయ్యి రాజేసుకుని బయలుదేరాలి. ఆ సందులో డ్రైవరు వరదయ్య చేతుల మసి తుడుచుకుంటూ ఆమె కిటికీ దగ్గరికి వచ్చాడు.

"సిస్టరమ్మా, ఆ దుప్పట్లో ఉండేది జపానోని కత్తి గదా?"

"నీకెట్ల తెలుసన్నా?"

"ఆ పొడుగు, ఆ వంపు. నేనూ మిల్ట్రీలో లారీ తోలినోన్నేమ్మా. వచ్చేటప్పుడు నాకూ ఒకటి ఇచ్చినారు. వడమాలపేటలో ఇంటికాడ ఉండాది."

సంతోషమ్మ ముఖం విప్పారింది. "ఎట్ల పెట్టుకుండావు దాన్ని?"

"నేను యాడ పెట్టుకునేది? మా ఇంటామె అరటిచెట్లు నరకతా ఉండాది. శానా బాగ తెగతాది అంటాది."

తరువాతి సెలవు నాడే ఆమె, జయరావు కలిసి వడమాలపేటకు పోయారు. కత్తి కొట్టం చూరులో చెక్కి ఉంది. అరటి జిగురు నల్లగా పేరుకుపోయి, మొన దగ్గర ఎర్రటి తుప్పు. వరదయ్య భార్య నాగులమ్మ దాన్ని దించి చేతిలో ఆడిస్తూ, "బంగారట్లాంటి కత్తి తల్లీ. ఒక్క యేటుకు చెట్టు పడతాది" అంది.

కత్తి వీపు ఎంత సన్నగా వంగిందో, మొన దాకా ఆ వంపు ఎక్కడా తడబడకుండా ఎట్లా పోయిందో సంతోషమ్మ చూసింది. అది మామూలు కత్తి కాదని ఆమెకు అనిపించింది. ఆ మాటే చెప్పింది.

"అయితే సానకు పట్టిస్తా," అన్నాడు వరదయ్య. "పుత్తూరులో మంచోడు ఉండాడు. అద్దం మాదిరి సేసిస్తాడు."

"వద్దన్నా. సాన పడితే ఆ గీత పోతాది, మళ్లా రాదు. నూనె పెట్టి నానబెట్టు. మెత్తటి నూలుగుడ్డతో తుడువు. అంతే."

"ఎన్నాళ్లు?"

"పొయ్యేదాకా."

నాగులమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "మరి నా అరిటిచెట్లో?" మర్నాడే కొత్త మచ్చుకత్తి ఒకటి తెచ్చిస్తానని మొగుడు ఒప్పుకున్నాక గానీ ఆమె కత్తి వదల్లేదు.

ఆరోజు నుంచి వరదయ్య సాయంత్రాలు మారిపోయాయి. డ్యూటీ దిగి, స్నానం చేసి, తిన్నె మీద కూర్చుని నూనెగుడ్డతో కత్తి తుడవడమే పని. బస్సులో సంతోషమ్మ కనిపిస్తే చాలు, "ఇంకో వేలెడు బయటపడిందమ్మా" అని పిల్లవాని బరువు చెప్పినట్లు చెప్పేవాడు.

చిత్తూరు వాళ్లకూ, వడమాలపేట వాళ్లకూ కలుసుకోవడానికి వీలైన చోటు పూతలపట్టు. అక్కడ బెల్లం మండీ యజమాని మునిరామయ్యకు ఈ సంగతి చెవిన పడింది. ఆయన దగ్గరా ఒక జపాను కత్తి ఉంది. యుద్ధం ముగిశాక మద్రాసులో కొన్నాడు. నెలకొక ఆదివారం మా మండీ వసారాలోనే కలవండి, భోజనం నాది, అని కబురు చేశాడు.

మొదటి ఆదివారం ఆయన తన కత్తిని పట్టుగుడ్డ పరిచిన పీట మీద పెట్టి చూపించాడు. పిడి పసుపుపచ్చగా మెరుస్తోంది. కత్తి అద్దంలా ఉంది, గీత మాత్రం ఎక్కడా లేదు. వీపు దగ్గర అంకెలు పొడిచి ఉన్నాయి.

"జనరల్‌ది. ఇదో, ఆయన నంబరు," అన్నాడు మునిరామయ్య.

జయరావు సంతోషమ్మ వంక చూశాడు. అది సిపాయిల కోసం ఫ్యాక్టరీలో వందలకొద్దీ చేసిన రకమని, నంబరు అందుకే పొడుస్తారని రంగూనులో ఆమె చూసి ఉంది. ఆమె మాత్రం, "శానా బాగ పెట్టుకుండారు సామీ, ఒక్క మరక లేదు" అంది. ఆ మాట నిజమే.

తిరుగు బస్సులో జయరావు ఊరుకోలేకపోయాడు. "ఆయనకు చెప్పొద్దా సిస్టర్?"

"చెప్తే నా మాట నమ్మాల. చూస్తే ఆయన కండ్లను ఆయన నమ్ముతాడు. రానీ."

కూటానికి నియమం ఒకటే. కత్తి చేతిలో ఉన్నంతసేపు నోట్లో కాగితం ఉండాలి. వరదయ్యకు ఇది పెద్ద శిక్ష అయింది. చూసింది చూసినట్లు చెప్పకుండా ఉండలేని మనిషి. కాగితం పెట్టుకుని కనుబొమలతో, భుజాలతో మాట్లాడుతుంటే మిగిలిన వాళ్లు నవ్వాపుకోలేక వసారా దిగి పోయేవాళ్లు. మునిరామయ్య మొదట్లో కత్తుల కంటే భోజనాల మీదే శ్రద్ధ పెట్టాడు. అయినా నెల నెలా సంతోషమ్మ కత్తిని చేతికి తీసుకునేవాడు. "ఏందో గీత అంటారు, నాకేం కనపడలే" అని తిరిగి ఇచ్చేవాడు. ఒక నెల ఆ మాట అనలేదు. ఇంకా కొంచెం పక్కకు జరిగి, దూలం సందున పడే వెలుగులోకి తిప్పి, చాలాసేపు చూసి, ఊరికే ఇచ్చేశాడు.

ఏడాది తిరిగేసరికి వరదయ్య కత్తి పూర్తిగా బయటపడింది. దాన్ని తెచ్చిన రోజు అందరూ ఒకరి తరువాత ఒకరు చూశారు. దాని గీత సంతోషమ్మ కత్తి గీతలా అలలు కాదు. తిన్నగా, సన్నగా, నిండిన చెరువు అంచులాగ పోతుంది. దాని పైన ఇనుములోనే ఏదో పొర, కొయ్యలో నారలాగ. మునిరామయ్య వంతు వచ్చింది. ఆయన చూశాడు. తరువాత లేచి లోపలికి పోయి తన జనరల్ కత్తి తెచ్చి, రెంటినీ పక్కపక్కన పట్టుకుని వెలుగులో తిప్పాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. ఆయన తన కత్తిని ఒరలో పెట్టి లోపలికి తీసుకుపోయాడు.

వచ్చే నెల కూటం ఉంటుందో ఉండదో అని సంతోషమ్మ దిగులుపడింది. ఆ ఆదివారం వాళ్లు పోయేసరికి మునిరామయ్య మండీలో నిలబడి, పసుపుపచ్చ పిడి పట్టుకుని, బెల్లం అచ్చును రెండు ముక్కలుగా కొడుతున్నాడు.

"రాండి, రాండి," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "జనరల్‌కు పని సిక్కింది. ఇది జనరల్‌ది కాదని మీరు ముందునుంచీ ఎరుగుదురు గదా?"

సంతోషమ్మ తల వంచుకుంది. "ఎరుగుదును సామీ."

"చెప్పి ఉంటే నేను ఇంటికి రానిచ్చేవాన్ని కాదు. చెప్పకపోతే మేలయింది." ఆయన కడుపు కదిలేలా నవ్వాడు. ఆ తరువాత కూటంలో ఆయన కంటికి తిరుగులేదు. గొప్పగా చెప్పుకునే సొంత కత్తి లేని మనిషి కాబట్టి అందరివీ సమానంగా చూసేవాడు.

బెల్లం వ్యాపారం వల్లనో ఏమో మునిరామయ్యకు పండ్లు పుచ్చిపోయాయి. 1948 మొదట్లో ఒక దవడ పన్ను పీకించుకోవడానికి చిత్తూరు బజారులో చైనా పండ్ల డాక్టరు దగ్గరికి పోయాడు. ఆయన పేరు లీ. చాలా ఏండ్లుగా ఇక్కడే ఉన్నాడు. నోరు తెరిచి కుర్చీలో వెనక్కి వాలిన మునిరామయ్యకు గోడ మీద చైనా అక్షరాల పటం ఒకటి కనిపించింది. ఆ గీతలు ఎక్కడో చూసినట్లే ఉన్నాయి. శుభ్రం చేయడానికి వరదయ్య కత్తి పిడి ఊడదీసినప్పుడు, పిడి లోపల దాగి ఉండే కత్తి తోక మీద చెక్కి ఉన్నవి ఇట్లాంటివే కదా. పన్ను ఊడిన నొప్పి కూడా ఆయనకు సరిగా తెలియలేదట.

ఆ వారమే వరదయ్య తన కత్తి తీసుకుని సంతోషమ్మతో కలిసి లీ డాక్టరు దగ్గరికి పోయాడు. సంతోషమ్మ పిడి విప్పి తోక చూపించింది.

ఆయన వంగి చూశాడు. అక్షరాల నుంచి ఆయన చూపు కత్తి మొన దాకా పోయింది. ముఖం గట్టిపడింది. "ఇది జపాను వాడిది," అన్నాడు.

"అవునయ్యా," అన్నాడు వరదయ్య ఉత్సాహంగా. "ఏం రాసి ఉండాదో సెప్తే..."

"ఈ పొద్దు చదవలేనప్పా." లీ వెనక్కి తిరిగి పనిముట్లు కడగడం మొదలుపెట్టాడు.

సంతోషమ్మ గబగబా కత్తిని గుడ్డలో చుట్టింది. "చైనాలో మీ వూరికి వచ్చినారా వాళ్లు?" అని మెల్లగా అడిగింది.

"వచ్చినారు. మా అన్న ఉండె ఆడ." అంతకంటే ఆయన చెప్పలేదు.

"మాకు తోచలేదయ్యా. తేకుండా ఉండాల్సింది," అంది సంతోషమ్మ.

వీధిలోకి వచ్చాక వరదయ్య కత్తి కట్టను ఎవరికీ కనపడకుండా చంకలో ఇరికించుకుని నడిచాడు. ఇన్నాళ్లూ తాను ముచ్చటపడి తుడిచిన వస్తువును ఇంకొకరు అట్లా చూస్తారని ఆయన ఎన్నడూ అనుకోలేదు. "నేనూ రంగూను రోడ్డంట లారీ తోలినోన్నే. నా ముందర లారీ పేలిపోయింది. నేనే మర్సిపోతి సూడమ్మా," అన్నాడు చివరకు.

"మరిచిపోయేదానికే గదన్నా తుడస్తా ఉండేది," అంది ఆమె.

ఆ సంగతి అంతటితో వదిలేశారు. అక్షరాలు చదివించాలని మళ్లీ ఎవరూ అనలేదు. అయితే తరువాతి కూటం నాడు, భోజనాలకు ఆకులు వేస్తుండగా, చిత్తూరు బస్సులోంచి తెల్ల చొక్కా వేసుకుని, గొడుగు పట్టుకుని లీ డాక్టరు దిగాడు. మునిరామయ్య ఎదురుపోయాడు. లీ ఆయన్ను "దవడ ఎట్ల ఉండాది?" అని అడిగి, నోరు తెరిపించి చూసి, అప్పుడు గానీ వసారా ఎక్కలేదు.

"ఆ కత్తి తెచ్చినారా?" అన్నాడు.

వరదయ్య సంతోషమ్మ వంక చూశాడు. ఆమె తల ఊపింది. పిడి విప్పి, కత్తిని ఆయన ముందర పెట్టారు. లీ అద్దాలు సరిచేసుకున్నాడు. అక్షరాలు లోతు తగ్గి అరిగిపోయి ఉన్నాయి. తోక అంతా నలుపు తిరిగి ఉంది.

"ఇది పాతది," అన్నాడు. "శానా పాతది. ఎంత పాతదో నేను చెప్పలేను, వాళ్ల రాజుల పేర్లు నాకు తెలీవు. మా వూరికి వచ్చిన వాళ్ల తాతల తాతలు కూడా పుట్టి ఉండరు." ఆయన వేలు తగలకుండా ఒక్కొక్క అక్షరం చూపిస్తూ వచ్చాడు. "ఇది ఊరి పేరు. ఇది చేసినాయన పేరు. అక్షరాలు మావే గానీ మా భాషలో చదివితే వేరే మాదిరి ఉంటాది, వాళ్లు ఎట్ల పలుకుతారో తెలీదు. ఈ పక్క, రెండో నెల, ఒక రోజు."

"అంతేనా?" అన్నాడు వరదయ్య. రాజుదో సేనాపతిదో పేరు ఉంటుందని ఆయన ఆశపడి ఉన్నాడు. "రెండో నెల అని రాసుకునేది ఎందుకు?"

సంతోషమ్మకు మొరీటా చెప్పింది గుర్తొచ్చింది. "కత్తిని కాల్చి ముంచేదానికి ఆ నెల నీళ్లు సరిగ్గా ఉంటాయని చెప్పినాడాయన. మరీ చల్లగా ఉంటే కత్తి పగులుతాదట. వెచ్చగా ఉంటే గట్టిపడదట."

"రెండో నెల అంటే మనకెప్పుడు?" అని జయరావు అడిగాడు.

లీ వేళ్ల మీద లెక్క వేశాడు. "మీ శివరాత్రి అయినాక, ఆ మాదిరి."

వరదయ్య ముఖం వెలిగింది. శివరాత్రి దాటాక తెల్లవారి బావి నీళ్లు ఒంటికి ఎట్లా ఉంటాయో ఆయనకు తెలుసు. ఏ దేశంలోనో ఒక కమ్మరి పొద్దున్నే లేచి, తొట్టిలో చెయ్యి ముంచి, ఈ పొద్దు నీళ్లు సరిపోతాయి అనుకుని ఉంటాడు. రాజు పేరు కంటే వరదయ్యకు అదే బాగుంది. ఇంటికి పోయి నాగులమ్మకు ఏం చెప్పాలో అప్పుడే కూడబలుక్కుంటున్నాడు.

సంతోషమ్మ ఒక కాగితం మడిచి లీ ముందు పెట్టి, బలవంతం లేదన్నట్లు ఊరుకుంది. ఆయన కాసేపు దాన్ని చూశాడు. పెదవుల మధ్య పెట్టుకున్నాడు. కత్తి తీసుకుని వెలుగులోకి తిప్పాడు. ఆయన చేతులు పండ్లు పీకే వాని చేతులు, కుదురైనవి. చూసి, గుడ్డ మీద నెమ్మదిగా పెట్టి, వసారా చివరకు పోయి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆరోజు అక్కమ్మ కూడా కూతురి వెంట వచ్చింది. ఆమె ఎవరినీ అడగకుండా ఆయన ఆకులో పులిహోర వడ్డించి, "రాప్పా, సల్లారిపోతా ఉండాది" అని పిలిచింది.

ఆయన వచ్చి కూర్చున్నాడు. రెండోసారి అడిగి వడ్డించుకున్నాడు. ఆ తరువాత నెల తప్పి నెల వచ్చేవాడు. కత్తులు అన్నిసార్లూ చూసేవాడు కాదు.

సంతోషమ్మ ఆ మరుసటి ఏడు తిరుపతి ఆసుపత్రికి మారింది. కూటం పూతలపట్టులోనే సాగింది, ఆమె అక్కడి నుంచే బస్సులో వచ్చేది. నగరి నుంచి మిలిటరీలో పనిచేసి వచ్చిన నేతాయన ఒకడు, నాయుడుపేట నుంచి ఒక రైల్వే గార్డు, తమ తమ కత్తులు తీసుకుని వచ్చి చేరారు. వరదయ్యకు ఆదివారాలు సెలవు దొరక్కపోతే బస్సునే తెచ్చి మండీ ముందర ఆపి, బొగ్గు రాజుకునేదాకా వచ్చి కూర్చునేవాడు. బొగ్గు రాజుకోవడానికి ఆ రోజుల్లో ఎందుకో ఎక్కువసేపు పట్టేది. ప్రయాణికులు మొదట గొణిగారు. తరువాత దిగి వసారా అంచున నిలబడి చూడటం మొదలుపెట్టారు.

ఒకసారి కాణిపాకం పోతున్న ఒక ముసలామె, "ఏముండాదని నాయనా, అట్ల సూస్తా ఉండారు?" అని అడిగింది. సంతోషమ్మ తన కత్తిని ఆమె కళ్ల ముందు పట్టుకుని మెల్లగా వంచింది.

"మబ్బు మాదిరి పోతా ఉండాదే," అంది ముసలామె మొదటి చూపులోనే.

మునిరామయ్య జయరావు వంక చూశాడు. ఆ మబ్బు కనిపించడానికి మునిరామయ్యకు ఎన్ని నెలలు పట్టిందో జయరావు గుర్తుచేయకుండా, మర్యాదగా, నేల చూపులు చూశాడు. వరదయ్య హారన్ కొట్టాడు. ముసలామె కొంగు సర్దుకుని బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చుంది.